ఎక్కడ నిలబడి చూస్తున్నాం? హైదరాబాద్ విగ్రహాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో విగ్రహాలకు కొదవ లేదు. వాటి ఎత్తు, ఖర్చు, ఆవిష్కరణ తేదీ గురించి చాలా మాట్లాడుకుంటాం. ఎక్కడ నిలబడి చూస్తే ఏం కనిపిస్తుందన్న మాట మాత్రం అరుదుగా వస్తుంది. నా దృష్టిలో విగ్రహం ఎదుట మనం నిలబడే చోటు కూడా ఆ శిల్పంలో భాగమే. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

విగ్రహం కదలదు కదా, చూసే చోటు మారినంత మాత్రాన ఏం మారుతుంది?

రాయి మారదు, కంచు మారదు. మన కంటికి అందేది మారుతుంది. గోడకు వేలాడే చిత్రపటం ఎదుట నిలబడితే చిత్రకారుడు చూపదలచుకున్నదంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. శిల్పానికి నాలుగు వైపులా ఉంటాయి కాబట్టి ఏ క్షణంలోనైనా దానిలో కొంత భాగాన్నే చూస్తాం, మిగిలినదాన్ని ఊహతో పూరించుకుంటాం.

హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బుద్ధుడినే తీసుకోండి. ముఖానికి ఎదురుగా ఉన్నప్పుడు పైకెత్తిన కుడి అరచేయి మనవైపు తెరిచి ఉంటుంది, అది అభయముద్ర అని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. సాగర్ చుట్టూ ఒడ్డు వెంట నడిచే కొద్దీ ఆ అరచేయి సన్నబడుతూ పోయి చివరికి అంచు మాత్రమే మిగులుతుంది. పూర్తిగా వెనక్కి చేరితే భుజాల మీది నుంచి కిందికి దిగిన వస్త్రం, నీళ్ల మీద నిలబడిన ఒక మనిషి ఆకారం తప్ప ఏ ముద్రా కనిపించదు. ట్యాంక్‌బండ్ మీద నిలబడినవారికీ, నెక్లెస్ రోడ్డు మీద నడిచేవారికీ, లుంబినీ పార్కు నుంచి పడవ ఎక్కినవారికీ ఒకే బుద్ధుడు కనిపించడు.

ఒకే శిల్పంలో రెండు రూపాలు ఉంటాయా?

ఉంటాయి, అందుకు ప్రపంచం చుట్టి రానక్కరలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సికమోర్ చెట్టు దుంగ నుంచి చెక్కిన జంట శిల్పం ఉంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి పనితనం అది. ఒక జర్మన్ నాటకంలోని మెఫిస్టోఫిలిస్ అనే దుష్టాత్మ, మార్గరెటా అనే అమాయక యువతి అందులో ఒకరి వీపుకు ఒకరుగా ఉంటారు. ముందునుంచి చూస్తే తల ఎగరేసి, ఛాతీ విరుచుకుని నిలబడిన పురుషుడు. వెనక నిలబెట్టిన అద్దంలోకి చూస్తే తల వాల్చి, చేతిలో ప్రార్థనా పుస్తకంతో ఉన్న యువతి.

అక్కడ కాసేపు ఆగి గమనిస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఎదురుగా వచ్చి నిలబడినవారు మొదట పురుషుడినే చూస్తారు, ఆ తర్వాతే చూపు అద్దంలోకి వెళుతుంది, ఆమె వారికి ప్రతిబింబంగానే తెలుస్తుంది. పక్కగా నిలబడినవారికి ఇద్దరి అంచులూ కలిసే గీత కనిపిస్తుంది, కానీ ఎవరి ముఖమూ పూర్తిగా దొరకదు. పక్కనుంచి చూసినప్పుడే శిల్పి నేర్పు బయటపడుతుందని నేను అనుకుంటాను, ఎందుకంటే ఒకరి ఠీవి గుర్తూ మరొకరి నమ్రత గుర్తూ ఒకే దుంగ మందంలో ఎలా ఇమిడాయో అక్కడే తెలుస్తుంది. మ్యూజియంకు వెళ్లినప్పుడు దయచేసి అద్దం ఎదుట ఫోటో తీసుకుని వెనుదిరగకండి. ఒక అడుగు పక్కకు జరగండి.

పెద్ద విగ్రహం కాళ్ల దగ్గర నిలబడితే తల ఎందుకంత చిన్నగా కనిపిస్తుంది?

కంటికి ఏ వస్తువైనా ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది ఆ వస్తువు కంటి దగ్గర చేసే కోణాన్ని బట్టి ఉంటుంది. ఒక లెక్క చూద్దాం. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఎత్తు సుమారు 58 అడుగులు. లెక్క తేలికగా ఉండటానికి పీఠం ఎత్తు వదిలేసి, చూసేవారి కన్ను నేల నుంచి 5 అడుగుల ఎత్తున ఉందనుకుందాం. తల భాగం 7 అడుగులు, అడుగున పాదాల నుంచి పైకి మరో 7 అడుగులు తీసుకుని పోల్చుదాం.

విగ్రహానికి 20 అడుగుల దూరంలో నిలబడితే కింది 7 అడుగుల భాగం కంటి దగ్గర దాదాపు 20 డిగ్రీల కోణం చేస్తుంది, తల మాత్రం 3 డిగ్రీల లోపే ఉంటుంది. అంటే ఒకే కొలత గల రెండు భాగాల్లో ఒకటి మరొకదానికంటే ఏడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అదే 200 అడుగుల దూరానికి వెనక్కి జరిగితే రెండూ దాదాపు 2 డిగ్రీలే. అప్పుడే శిల్పి చెక్కిన అసలు నిష్పత్తి మనకు అందుతుంది. పడవ దిగి బుద్ధుడి పాదాల చెంత నిలబడేవారికి ఆ రాతి బరువూ, ఏకశిల గాంభీర్యమూ బాగా తెలుస్తాయి. ముఖంలోని ప్రశాంతత మాత్రం పడవ ఇంకా దారిలో ఉన్నప్పుడే చూసుకోవాలి.

శిల్పులు దీన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారా?

తీసుకుంటారు, అదీ చాలా పాత కాలం నుంచి. భారీ విగ్రహాలు చేసేవారు అసలు కొలతలనే పాటిస్తే పైభాగాలు చిన్నగా, కింది భాగాలు పెద్దగా కనిపిస్తాయనీ, అందుకని వారు కొలతలను సవరిస్తారనీ గ్రీకు తత్వవేత్త ప్లేటో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే ప్రస్తావించాడు. ఆయనకు ఆ సవరణ నచ్చలేదు, అది నిజానికి దూరమని ఆయన అభిప్రాయం. నాకు మాత్రం అది చూసేవారి పట్ల శిల్పి చూపే శ్రద్ధగా కనిపిస్తుంది.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో మైకలాంజిలో 1501 నుంచి 1504 వరకు చెక్కిన డేవిడ్ విగ్రహం తలా, చేతులూ శరీరంతో పోలిస్తే పెద్దవని చాలామంది గమనించారు. ఆ విగ్రహాన్ని మొదట అక్కడి ప్రధాన చర్చి పైభాగంలో నిలపాలనుకున్నారు. అంత ఎత్తున పెట్టే బొమ్మ కాబట్టే తలను పెద్దగా చెక్కాడని చాలామంది పండితులు చెబుతారు. చివరికి దాన్ని నేల మీద, పట్టణ కూడలిలో నిలబెట్టారు. ఎక్కడో పైనుంచి కనిపించాల్సిన మనిషి కళ్లెదుట నిలబడ్డాడు.

మన శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, దాన్ని 12 అంగుళాలుగా విభజించి, దేవతామూర్తులను నవతాళంలోనో దశతాళంలోనో చేయాలని నియమాలు చెప్పారు. నవతాళమంటే 108 అంగుళాలు. ఇక్కడి అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం నుంచే పుట్టిన కొలత. అయితే నియమం ఒకటే అయినా శిల్పులు చోటును మరిచిపోలేదనడానికి మన దగ్గరే గొప్ప సాక్ష్యం ఉంది. పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని చూరు కింద ఏటవాలుగా అమర్చిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీల శిల్పాలను, చూడండి. సన్నగా, పొడవుగా సాగిన ఆ శరీరాలను నేల మీద పడుకోబెట్టి ఎదురుగా చూస్తే మరీ సాగదీసినట్టు అనిపించవచ్చు. కానీ అవి మన తల మీద నుంచి ముందుకు వాలి ఉంటాయి, మనం వాటిని మెడ ఎత్తి కింది నుంచే చూస్తాం. కింది నుంచి చూసినప్పుడు పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ సాగుదల అక్కడ సరిపోయి, అవి నిండైన స్త్రీమూర్తులుగా నిలుస్తాయి. గుడి అరుగు మీద నిలబడి ఒకసారి, అరుగు దిగి దూరం నుంచి మరోసారి చూస్తే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏ విగ్రహాన్నైనా చూడటానికి సరైన దూరం ఎంత?

ఒక్క దూరమే సరైనదని చెప్పలేం, కానీ ఆధారంగా పెట్టుకోదగిన కొలత ఒకటి ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ వాస్తుశిల్పి హెర్మన్ మెర్టెన్స్ మూడు దూరాలు చెప్పాడు. విగ్రహం ఎత్తుకు సమానమైన దూరంలో నిలబడితే చూపు 45 డిగ్రీలు ఎత్తాలి, అక్కడ వివరాలు బాగా కనిపిస్తాయి. రెట్టింపు దూరంలో 27 డిగ్రీలు, అక్కడ మొత్తం రూపం ఒక్క చూపులో ఇముడుతుంది. మూడు రెట్ల దూరంలో 18 డిగ్రీలు, అక్కడ విగ్రహం చుట్టూ ఉన్న భవనాలు, ఆకాశంతో కలిసి కనిపిస్తుంది.

సచివాలయం పక్కన 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, పార్లమెంటు భవనాన్ని తలపించే దాని పీఠం 50 అడుగులు, మొత్తం 175 అడుగులు. రామ్ సుతార్, అనిల్ సుతార్‌ల రూపకల్పన అది. పై లెక్క ప్రకారం దాన్ని పూర్తిగా చూడాలంటే కనీసం 350 అడుగులు వెనక్కి జరగాలి. దగ్గరికి వెళ్లే కొద్దీ విశాలమైన పీఠం అంచు విగ్రహం పాదాలకు అడ్డొస్తుంది, మరీ దగ్గరైతే పైకెత్తిన చేయి, గడ్డం కింది భాగమే మిగులుతాయి. ఆ చేయి చూపే దిక్కు, ముఖంలోని దృఢత్వం రెండూ కలిసి అర్థం కావాలంటే దూరం తప్పనిసరి.

కూర్చున్న విగ్రహాలకు ఇంకా ఎక్కువ దూరం కావాలి. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన రామానుజాచార్యుల సమతామూర్తి పీఠంతో కలిపి 216 అడుగులు. పద్మాసనంలో మోకాళ్లు ముందుకు ఉంటాయి కాబట్టి కిందనుంచి దగ్గరగా చూసేవారికి అవి నడుము భాగాన్ని కప్పేస్తాయి.

విగ్రహాలను అంత ఎత్తు దిమ్మెల మీద ఎందుకు పెడతారు?

గౌరవం కోసం, భద్రత కోసం, జనసమూహం వెనకనుంచి కూడా కనిపించడం కోసం. ఈ మూడూ న్యాయమైన కారణాలే. కానీ దిమ్మె ఎత్తు మనకూ విగ్రహానికీ మధ్య సంబంధాన్ని ముందే నిర్ణయించేస్తుందని గుర్తుంచుకోవాలి. ఫ్రాన్స్‌లోని కాలే పట్టణం కోసం ఫ్రెంచి శిల్పి రోడాన్ చేసిన ఆరుగురు పౌరుల శిల్పం ఇందుకు ఉదాహరణ. ఊరిని కాపాడటానికి ప్రాణాలివ్వడానికి బయలుదేరిన మామూలు మనుషులు వారు. వారు జనం మధ్య, నేల మట్టంలో ఉండాలని రోడాన్ కోరుకున్నాడు. 1895లో ఎత్తైన పీఠం మీదే ప్రతిష్ఠించారు. 1924లో గానీ ఆ శిల్పం కిందికి దిగలేదు.

మన చౌరస్తాల్లో కవులకూ, ఉపాధ్యాయులకూ, కార్మిక నాయకులకూ కూడా రాజులకు కట్టినంత ఎత్తు దిమ్మెలు కడుతున్నారు. వేమన పద్యం నోటికి వచ్చిన పిల్లవాడు ట్యాంక్‌బండ్ మీది వేమన ముఖాన్ని తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాల్సి రావడం నాకు సరైనదిగా అనిపించదు.

ట్యాంక్‌బండ్ విగ్రహాలను ఏ వేళలో చూడాలి?

ఉదయం. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో 1980లలో వరసగా నిలిపిన ఆ విగ్రహాలు సాగర్‌కు వీపు పెట్టి రోడ్డువైపు చూస్తాయి. సాగర్ పడమర దిక్కున ఉంది కాబట్టి ఉదయపు ఎండ వాటి ముఖాల మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు వాటి వెనక దిగుతాడు, అప్పుడు ముఖాలు నల్లబడి ఆకారాల అంచులు మాత్రమే మెరుస్తాయి. సాయంత్రం జనం ఎక్కువగా వచ్చే వేళ అదే కావడం దురదృష్టం, ఎందుకంటే చాలామంది మొల్లనూ, పోతననూ, మఖ్దూంనూ నీడలుగానే చూసి వెళ్లిపోతున్నారు.

మధ్యాహ్నం గురించి ఒక్క మాట. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీలకు కొంచెం పైన ఉంది. ఏటా మే రెండో వారం సమీపంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో నిలువు కర్రకు నీడే పడదు. విగ్రహాల కనుబొమల నీడ మాత్రం కళ్ల గుంతల్లోకి దిగి ముఖం కఠినంగా మారిపోతుంది. అదే విగ్రహం డిసెంబరు ఉదయం ఏటవాలు వెలుగులో ఎంతో మెత్తగా ఉంటుంది. శిల్పంలోని ముడతలు, వస్త్రపు మడతలు, నగల అంచులు పక్కనుంచి పడే వెలుగులోనే తెలుస్తాయి.

బండి మీదో బస్సులోనో వెళ్తూ చూసేవారి సంగతేమిటి?

నిజానికి మనలో ఎక్కువమంది విగ్రహాలను చూసేది అలాగే. వేగంగా వెళ్లేవారికి ముఖకవళికలు అందవు, భంగిమే అందుతుంది. అందుకే గుర్రం మీది వీరుల విగ్రహాన్ని దూరం నుంచే గుర్తుపట్టగలం, పుస్తకం పట్టుకుని నిలబడిన కవులు ఒకరిలాగే ఇంకొకరు కనిపిస్తారు. ఫ్లైఓవర్లు మరో కొత్త కోణాన్ని ఇచ్చాయి. ఎప్పుడూ కిందినుంచే చూసిన విగ్రహం భుజాలకు సమానమైన ఎత్తుకు మనం చేరుతున్నాం, కానీ అక్కడ ఆగే వీలు లేదు.

2021 ఆగస్టు నుంచి కొంతకాలం ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసినప్పుడు జనం మొదటిసారి రోడ్డు మధ్యలో నింపాదిగా నిలబడి ఆ విగ్రహాలను ఎదురుగా చూడగలిగారు. ఒక్క విగ్రహాన్నీ ముట్టుకోకుండానే శిల్పాలన్నీ కొత్తగా కనిపించాయి. నగరం చేయదగిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేవి అరుదు.

గుర్రం ఎన్ని కాళ్లు ఎత్తిందో చూసి ఆ వీరుడు ఎలా చనిపోయాడో చెప్పవచ్చంటారు. నిజమేనా?

కాదు. రెండు కాళ్లు ఎత్తితే యుద్ధంలో మరణించాడనీ, ఒక కాలు ఎత్తితే గాయాలతో పోయాడనీ వాట్సాప్‌లో తిరిగే మాటకు శిల్పశాస్త్రంలో గానీ, పాశ్చాత్య సంప్రదాయంలో గానీ నియమంగా ఆధారం లేదు. ఈ లెక్కకు లొంగని విగ్రహాలు ఎన్నో ఉన్నాయి. గుర్రం కాళ్లను నిర్ణయించేది చాలా వరకు బరువు: రెండు కాళ్ల మీద నిలిచే భారీ లోహపు గుర్రానికి తోకనో మరో ఆధారాన్నో నేలకు కలపాల్సి వస్తుంది.

ఖైరతాబాద్ గణేశుడికి కూడా ఈ సూత్రాలు వర్తిస్తాయా?

తప్పకుండా వర్తిస్తాయి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఆ ఉత్సవం 2024లో 70 ఏళ్లకు గుర్తుగా 70 అడుగులకు చేరింది. మండపం దగ్గర చోటు ఇరుకు, జనం కిక్కిరిసి ఉంటారు, క్యూలో నడిచే భక్తుడికి తొండం చివర, పాదాలు, లడ్డూ ఉన్న చేయి దగ్గరగా, కిరీటం ఎక్కడో అందనంత పైన కనిపిస్తాయి. పైకి చూస్తూ మెడ నొప్పి పుట్టే ఆ స్థితిని దర్శనంలో భాగంగానే భక్తులు తీసుకుంటారు. దాన్ని తప్పు పట్టాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అక్కడ వారు కోరేది నిష్పత్తి కాదు, సన్నిధి.

నిమజ్జనం రోజు అంతా తారుమారవుతుంది. విగ్రహం వాహనమెక్కి కదులుతుంది, జనం నిలబడి ఉంటారు. పదకొండు రోజులు పాదాల దగ్గర నుంచి చూసిన మూర్తిని ఆ రోజు ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, మేడల మీది నుంచి చూస్తారు. ఈ నగరంలో ఒక మహా శిల్పాన్ని లక్షలాది మంది అన్ని వైపుల నుంచీ చూసే రోజు ఏడాదికి అదొక్కటే.

చూసే దృక్కోణం అంటే నిలబడే చోటు మాత్రమేనా?

కాదు. చూసేవారి జీవితం కూడా. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంగా ట్యాంక్‌బండ్ మీది అనేక విగ్రహాలను కూల్చారు, కొన్నింటిని సాగర్‌లో పడేశారు. తర్వాత వాటిని మళ్లీ నిలిపారు. ఆ వరసను కొందరు తెలుగు జాతి మొత్తానికి నివాళిగా చూశారు. తెలంగాణ ఉద్యమంలో ఉన్నవారిలో చాలామందికి అందులో తమవారికి దక్కని చోటు కనిపించింది. కొమురం భీమ్ విగ్రహం అక్కడికి ఆ తర్వాతే వచ్చింది. శిల్పాలను పగలగొట్టడం నన్ను బాధించింది, ఇప్పటికీ బాధిస్తుంది. అయినా ఆ రెండు చూపులూ నిజమైనవేనని ఒప్పుకోకుండా ఆ వరసను అర్థం చేసుకోలేం.

అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు రూపొందించిన అమరవీరుల స్తూపం విషయంలో చోటే సగం అర్థం. 1969 ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారకం అది. దాని ముందు నిలబడి వెనుదిరిగితే శాసనసభ కనిపిస్తుంది. అదే స్తూపాన్ని వేరే పార్కులో పెట్టి ఉంటే రాయి అదే అయినా చెప్పే మాట అదే అయ్యేది కాదు.

పిల్లలూ, చక్రాల కుర్చీలో ఉన్నవారూ ఏం చూస్తారు?

వారి కన్ను నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తులోనే ఉంటుంది. దిమ్మె చుట్టూ వేసిన రెయిలింగ్, పూలకుండీలు, నాయకుల ఫ్లెక్సీలు సరిగ్గా ఆ ఎత్తులోనే అడ్డుపడతాయి. పేరు చెక్కిన పలక కూడా చాలాచోట్ల వారికి అందదు.

మా కాలనీలో ఒక విగ్రహం పెట్టించాలనుకుంటున్నాం. ముందుగా ఏం చూసుకోవాలి?

మొదట అనుమతి. రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి చౌరస్తా మధ్య అనే ఆలోచన అక్కడే ఆగాలి. పార్కో, గ్రంథాలయం ఆవరణో, బడి ఆవరణో చూసుకోండి. శిల్పం కోణంలో చూసినా అవే మంచి చోట్లు, జనం అక్కడ నిలబడగలరు.

తర్వాత శిల్పికి ఫోటో ఇచ్చి చేతులు దులుపుకోకుండా స్థలానికి తీసుకెళ్లండి. జనం ఏ గేటు నుంచి వస్తారో, ఏ బెంచీ మీద కూర్చుంటారో చూపించండి. దిమ్మెతో కలిపి మొత్తం ఎత్తుకు రెట్టింపు ఖాళీ స్థలం ఎదుట ఉందో లేదో కొలవండి, లేకపోతే చెట్లు కొట్టకండి, విగ్రహం ఎత్తు తగ్గించండి. ముఖం తూర్పుకో, ఆగ్నేయానికో ఉంటే ఉదయపు వెలుగు దొరుకుతుంది. వెనక భాగాన్ని కూడా ముందు భాగంలాగే పూర్తి చేయమని ఒప్పందంలో రాయించండి, గోడకు ఆనించి పెట్టేదైతే తప్ప.

అన్నిటికంటే ముఖ్యమైనది, పూర్తి ఎత్తున వెదురు కర్రలతో, అట్టతో ఒక ఆకారం కట్టించి ఆ చోట నాలుగు రోజులు నిలబెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి చూడండి. పిల్లలనూ, పెద్దవాళ్లనూ పిలిచి ఎక్కడ నిలబడితే ముఖం కనిపిస్తోందో అడగండి. ఆ చోట్లను సున్నంతో గుర్తు పెట్టి, బెంచీలు, పేరు పలక, దీపస్తంభం ఎక్కడ రావాలో ఆ గుర్తులను బట్టే నిర్ణయించండి.